నాళపు గోడలో గార

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



సుబ్బారావుగారి పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు, విషయం మీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. ఆయన పనిచేసిన ఫోలిక్ ఆమ్లం గురించో, క్యాన్సర్ మందుల గురించో చెబుతానని వాళ్లు అనుకుని ఉంటారు. గుండె నాళాల్లో పేరుకునే కొవ్వు గురించి చెబుతానన్నాను. కారణం ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆ శాస్త్రజ్ఞుడు 1948 ఆగస్టులో అమెరికాలో గుండెపోటుతో పోయారు. అప్పటికి ఆయన వయసు 53.

ఆ 53 అనే అంకె నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. ఇంటర్‌హార్ట్ అని ఒక పెద్ద పరిశోధన జరిగింది. 52 దేశాలు, దాదాపు 30 వేల మంది మనుషులు. నడిపించింది కేరళలో పుట్టిన సలీం యూసుఫ్. 2004లో ఫలితాలు వచ్చాయి. అందులోంచి మన దక్షిణాసియా లెక్కలు విడిగా తీసి 2007లో అచ్చువేశారు. మొదటి గుండెపోటు వచ్చేనాటికి మిగతా దేశాల వాళ్ల సగటు వయసు దాదాపు 59. మన వాళ్లది 53. అంటే గుండెపోటు వచ్చిన మన వాళ్లలో దాదాపు సగం మందికి సుబ్బారావుగారు పోయిన వయసులోపే వచ్చిందన్నమాట. 1948లో ఆయనకు జరిగింది ఒక అరుదైన దురదృష్టం అని మనం అనుకుంటాం. మన ఇళ్లలో అది మామూలు వయసు.

నేను గుండె డాక్టర్ని కాను. పాథాలజీ పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. గుండె డాక్టర్లు నాళాన్ని తెర మీద నీడగా చూస్తారు. నేను దాన్ని కత్తెరతో నిలువునా చీల్చి, పళ్లెంలో పరిచి, వేలితో తడిమి చూశాను. అలా చూసినదే మీకు చెబుతాను.

పసిబిడ్డ బృహద్ధమని లోపలి వైపు తడి పట్టుబట్టలా ఉంటుంది. వేలు జారిపోతుంది. బైకు ప్రమాదంలో పోయిన 19 ఏళ్ల కుర్రాడిది తెరిస్తే అక్కడక్కడా పసుపుపచ్చని సన్నటి చారలు కనిపిస్తాయి. తడిమితే చేతికి తెలియవు. తుడిస్తే పోవు. నలభై దాటినవాడిదైతే కొమ్మలు చీలే చోటల్లా ముత్యపు రంగులో ఉబ్బిన మచ్చలు ఉంటాయి. ఒక మచ్చను బ్లేడుతో గీస్తే లోపల్నుంచి పసుపురంగు ముద్ద మెత్తగా బయటికొస్తుంది. చల్లారిన అంబలిలా ఉంటుంది. అరవై దాటినవాడిది కోస్తుంటే కత్తెర కరకరమంటుంది. గుడ్డుపెంకు మీద కాలేసినట్టుంటుంది ఆ చప్పుడు. మొదటిసారి అది విన్న విద్యార్థులు ఉలిక్కిపడి నా ముఖం చూసేవాళ్లు.

అంబలి అన్నది నా పోలిక కాదు. ఈ జబ్బు పేరులోనే ఉంది. 1904లో ఫెలిక్స్ మార్షాండ్ అనే జర్మన్ పాథాలజిస్టు దీనికి అథెరోస్క్లెరోసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో అథేరే అంటే జావ, అంబలి. స్క్లెరోసిస్ అంటే గట్టిపడటం. లోపల మెత్తన, పైన గట్టి. పళ్లెంలో కనిపించేది సరిగ్గా అదే.

ఆ కరకర శబ్దం విన్నవాళ్లలో మీరంతా ఎరిగిన మనిషి ఒకడున్నాడు. మశూచి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్. ఛాతీనొప్పితో పోయిన ఒక రోగి గుండెను ఆయన కోస్తుండగా, కత్తి గరుకైన గట్టి వస్తువుకు తగిలి అంచు దెబ్బతింది. పాత భవనం కాబట్టి పైకప్పు గార రాలి పడిందేమోనని తలెత్తి చూశాడట. కప్పు బాగానే ఉంది. మళ్లీ గుండెకేసి చూస్తే, దానికి రక్తం ఇచ్చే నాళాలే ఎముక గొట్టాల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. అప్పటికే ఆయన గురువు జాన్ హంటర్ ఛాతీనొప్పితో బాధపడుతున్నాడు. గురువు గుండెలోనూ ఇదే ఉంటుందని జెన్నర్‌కు అర్థమైంది. చెబితే ఆయన కుంగిపోతాడని చెప్పలేదు, అచ్చు వేయలేదు. హంటర్ 1793 అక్టోబరు 16న లండన్‌లో ఆసుపత్రి సమావేశంలో మాటామాటా పెరిగి అక్కడే కూలిపోయి చనిపోయాడు. తెరిచి చూస్తే జెన్నర్ భయపడ్డదే నిజమైంది. 1799లో జెన్నర్ మిత్రుడు పారీ రాసిన పుస్తకంలో ఈ సంగతంతా బయటికొచ్చింది. గురువు మీద ప్రేమతో నోరు విప్పని ఆ శిష్యుణ్ణి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. ఆనాడు చెప్పినా చేయగలిగిందేమీ లేదు. ఇవాళ చేయగలిగింది చాలా ఉంది. అయినా మనం చెప్పుకోవడం లేదు.

గార అన్నానుగా, ఆ మాట దగ్గర కాసేపు ఆగుతాను. పళ్లకు పట్టేదాన్ని మనం గార అంటాం. ఇంగ్లీషు డాక్టర్లు పంటి గారకూ, నాళంలో కొవ్వు మేటకూ ప్లాక్ అనే ఒకే మాట వాడతారు. అందుకే నేను తరగతిలో గార అనే చెప్పేవాణ్ణి. కానీ ఒక జాగ్రత్త. పంటి గార పంటి మీద పడుతుంది, గీకితే పోతుంది. నాళపు గార గోడ మీద పడదు, గోడ లోపల పుడుతుంది. ఈ ఒక్క ముక్క అర్థం కాకనే మన ఊళ్లలో సగం అపోహలు. పైపులో మడ్డి పేరుకున్నట్టు పేరుకుంటుందనీ, ఏదో కషాయం తాగితే కరిగి కొట్టుకుపోతుందనీ నమ్ముతున్నాం. ఆ నమ్మకం మీద ఎన్ని సీసాలు అమ్ముడవుతున్నాయో మీకు తెలుసు. ఇంకో మాట. రెండు వాల్వులు మూసుకుపోయాయట అంటుంటారు. వాల్వులు గుండె లోపలి తలుపులు. మూసుకుపోయేవి గుండె పైన తీగల్లా పాకే నాళాలు. ఆ నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పువి.

గోడలో ఏం జరుగుతుందో చూద్దాం. నాళపు గోడకు మూడు పొరలు. అన్నిటికన్నా లోపల, రక్తం తగిలేచోట, ఒకే ఒక్క వరుస కణాలు పరిచి ఉంటాయి. పొలం గట్టు మీద మొలిచిన పచ్చిక లాంటిది ఆ వరుస. పచ్చిక బాగుంటే గట్టు నిలుస్తుంది. ఆ కణాలు ఆరోగ్యంగా ఉన్నంతకాలం రక్తం గడ్డకట్టదు, తెల్లకణాలు అంటుకోవు, నాళం అవసరాన్ని బట్టి సాగుతుంది. సిగరెట్టు, బీడీ, చుట్ట పొగ, అదుపులేని షుగరు, ఎక్కువ బీపీ, ఇవన్నీ ఆ ఒక్క వరుసనే దెబ్బతీస్తాయి. నాళం రెండుగా చీలే మలుపుల దగ్గర రక్తం నిటారుగా పోక సుడి తిరుగుతుంది. ముందు బలహీనపడేది అక్కడే. నేను పళ్లెంలో చూసిన మచ్చలు కొమ్మలు చీలేచోట ఉండటానికి కారణం ఇదే.

ఇక కొవ్వు. నూనె నీళ్లలో కలవదు, కొలెస్టరాల్ రక్తంలో కలవదు. కాలేయం దాన్ని ప్రొటీను తొడుగున్న చిన్న చిన్న రేణువుల్లో పెట్టి పంపుతుంది. వాటిలో ఎల్‌డీఎల్ అనే రేణువు మరీ సూక్ష్మం. లోపలి వరుసను దాటి గోడలోకి వెళ్లగలదు. వెళ్లినవి కొన్ని తిరిగి వచ్చేస్తాయి, కొన్ని అక్కడి జిగురు పదార్థానికి అతుక్కుని ఉండిపోతాయి. రక్తంలో ఆ రేణువులు ఎంత ఎక్కువుంటే, ఎన్నేళ్లు ఎక్కువుంటే, ఉండిపోయేవి అంత ఎక్కువ. ఉండిపోయినవి చెడతాయి. మరిగించి మరిగించి పెట్టిన నూనె కమురుకంపు కొట్టినట్టే, అవి గాలి పట్టి మారిపోతాయి. శరీరం వాటిని పరాయి సరుకు కింద లెక్కేసి తెల్లకణాలను పంపుతుంది. ఆ తెల్లకణాలు గోడలోకి దూరి, కొవ్వు మింగి మింగి ఉబ్బిపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం నిండా నురగే. అందుకే వాటికి నురగ కణాలని పేరు. పందొమ్మిదేళ్ల కుర్రాడి బృహద్ధమనిలో చూసిన పసుపు చారలు ఈ నురగ కణాల గుంపులే.

మింగినవి అరగక ఆ కణాలు అక్కడే చచ్చిపోతాయి. వాటి పొట్టలోని కొవ్వు మళ్లీ బయటపడుతుంది. మరికొన్ని తెల్లకణాలు వస్తాయి. అవీ చస్తాయి. మధ్యలో అంబలి గుంట తయారవుతుంది. నడిమి పొరలోని కండర కణాలు లోపలికి జరిగి, ఆ గుంట మీద నారతో మూత నేస్తాయి. పుండు మీద చెక్కు కట్టినట్టు. ఏళ్లు గడిచేకొద్దీ సున్నం చేరుతుంది. జెన్నర్ కత్తికి తగిలింది ఆ సున్నమే. మొత్తం మీద ఇది మడ్డి పేరుకోవడం కాదు. మానని పుండు.

దీనికి చక్కని రుజువు ఒకటుంది. సిరల్లో గార పట్టదు. అక్కడ ఒత్తిడి తక్కువ. కానీ బైపాస్ ఆపరేషన్‌లో కాలి సిర తీసి గుండె మీద నాళంగా కుట్టారనుకోండి, పదేళ్లలో దానికీ గార పడుతుంది. రక్తం అదే, కొవ్వు అదే. ఒత్తిడి మారింది, గోడ దెబ్బతింది. మా కళాశాలలో విద్యార్థులకు బీపీ ఎందుకు ప్రమాదమో చెప్పడానికి నేను ఇంతకన్నా మంచి పాఠం వెతుక్కోలేదు.

ఇదంతా ఎప్పుడు మొదలవుతుంది? కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను పరీక్షించి 1953లో ముగ్గురు డాక్టర్లు ఒక నివేదిక అచ్చువేశారు. వాళ్ల సగటు వయసు 22. కసరత్తు చేసిన ఒళ్లు. అయినా నూటికి 77 మంది గుండె నాళాల్లో జబ్బు ఆనవాళ్లు కంటికే కనిపించాయి. ఆ నివేదిక చదివిన రోజు మా కళాశాల శవపరీక్ష గదిలో పాత రికార్డులు తిరగేశాను. మన కుర్రాళ్ల సంగతీ దాదాపు అలాగే ఉంది. ముప్ఫై ఏళ్ల లోపు వాళ్ల నాళాల గురించి ఆ పుస్తకాల్లో పసుపు చారలు అని నేను రాసిన వరుసలు లెక్కలేనన్ని. పోయిన కారణం ప్రమాదమో, విషమో, నీళ్లలో పడటమో కాబట్టి ఆ వరుస ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా.

కొవ్వుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె 1913లోనే బయటపడింది. రష్యాలో అనిచ్‌కోవ్ అనే యువ శాస్త్రజ్ఞుడు కుందేళ్లకు పొద్దుతిరుగుడు నూనెలో కలిపిన శుద్ధ కొలెస్టరాల్ పెట్టాడు. వాటి ధమనుల్లో మనిషిలో ఉన్నలాంటి గారే పుట్టింది. గడ్డి తినే జంతువుకు పెట్టింది మనిషికెలా వర్తిస్తుందని చాలామంది పక్కన పెట్టేశారు. సుబ్బారావుగారు పోయిన 1948లోనే, దాదాపు రెండు నెలల తర్వాత, అమెరికాలోని ఫ్రేమింగ్‌హాం ఊళ్లో 5,209 మందిని ఏళ్ల తరబడి గమనించే పని మొదలైంది. పొగ, బీపీ, కొలెస్టరాల్ గుండెపోటుకు ముందు నడిచే గుర్తులని లోకానికి గట్టిగా తెలిసింది ఆ ఊరి వల్లే. సుబ్బారావుగారు బతికుంటే ఆ ఫలితాలు చదివేవారు.

ఏళ్ల లెక్క ఎంత ముఖ్యమో తేల్చింది మాత్రం ఒక జన్యువు. కొందరికి పుట్టుకతోనే పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచేయదు. దానివల్ల వాళ్ల చెడు కొలెస్టరాల్, అదే ఎల్‌డీఎల్, జీవితమంతా తక్కువగా ఉంటుంది. అమెరికాలోని నల్లజాతి వాళ్లలో అలాంటివాళ్లను వెతికి 2006లో లెక్క చెప్పారు. మిగతావాళ్లకన్నా వాళ్ల ఎల్‌డీఎల్ 28 శాతమే తక్కువ. గుండె నాళాల జబ్బు మాత్రం 88 శాతం తక్కువ. అదే యాభై దాటాక కొవ్వు తగ్గించే మాత్రతో ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 39 మిల్లీగ్రాములు తగ్గిస్తే ఐదేళ్లలో ముప్పు ఐదో వంతు తగ్గుతుంది. ఐదో వంతు కూడా చాలా గొప్ప లాభమే, మాత్ర ఆపేయమని ఎవరూ అనుకోవద్దు. నేను చూపించదలచింది ఆ రెండు అంకెల మధ్య దూరం. కొంచెమే తక్కువ, కానీ పుట్టినప్పటి నుంచీ. ఆ పుట్టినప్పటి నుంచీ అన్న మాటలోనే ఉంది ఇంత తేడా.

నా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. మా చెల్లెలి భర్త, బావగారు, రోజూ తెల్లవారుజామున నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి. సిగరెట్టు పదిహేనేళ్ల కిందట మానేశారు. సంక్రాంతికి ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంటే బాగుందన్నారు. ఉగాది నాటి ఉదయం పచ్చడి తిని, వాలుకుర్చీలో కూర్చుని, ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టుందన్నారు. పొద్దున్నే మామిడికాయ తిన్నారు, గ్యాసేనేమో అని ఇంట్లో వాము నమిలించారు. గంటన్నర పోయింది. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలోనూ ఎసిడిటీ ఇంజెక్షను ఇచ్చి కూర్చోబెట్టారు, ఈసీజీ తీయలేదు. నేను వెళ్లేసరికి మా చెల్లెలు వరండాలో నిలబడి ఉంది. "అన్నయ్యా, మొన్న జనవరిలో పరీక్ష బాగుందన్నారుగా. బాగున్న గుండె ఇలా ఎలా ఆగిపోతుంది?" అని అడిగింది. అప్పుడు దానికి జవాబు చెప్పే స్థితి కాదు. ఇవాళ మీ ముందు చెబుతాను.

గోడలో గార పెరుగుతున్నప్పుడు నాళం ముందు బయటి వైపుకు ఉబ్బుతుంది. లోపలి దారి అలాగే ఉంటుంది. 1987లో గ్లాగోవ్ అనే పాథాలజిస్టు ఇది చూపించాడు. గోడలో దాదాపు 40 శాతం మేర గార నిండేదాకా లోపలి దారి పెద్దగా ఇరుకవ్వదు. ట్రెడ్‌మిల్ పరీక్ష దారి ఇరుకునే పట్టుకుంటుంది. గోడలో ఉన్న పుండును పట్టుకోలేదు. బావగారికి జనవరిలో ఉన్నది అదే. దారి తెరిచే ఉంది. గోడ లోపల అంబలి గుంట, దాని మీద పలచటి మూత. ఏదో ఒక క్షణాన ఆ మూత చిట్లింది. లోపలి సరుకు రక్తానికి తగిలింది. రక్తానికి అది గాయమనే తెలుసు. గాయం తగిలితే గడ్డకట్టడమే దాని పని. నిమిషాల్లో గడ్డ కట్టి నాళం మూసుకుపోయింది. గుండెపోటుల్లో చాలా భాగం ఇలా సగం కూడా మూసుకోని చోట జరిగేవే. 90 శాతం బ్లాకు ఉందంటే వణికిపోయే మనం, 40 శాతమే అంటే హమ్మయ్య అని ఇంటికొస్తాం. మూత ఎంత పలచన, లోపల ఎంత వాపు అన్నదే అసలు ప్రశ్న.

నాళం మూసుకున్నాక గుండె కండరంలో ఏం జరుగుతుందో చెప్పడానికి సుబ్బారావుగారి దగ్గరికే రావాలి. 1927లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఏటీపీని. కండరం కదలడానికి కావలసిన శక్తి ఏటీపీ. దానికి వెంటనే చేతికందే నిల్వ ఫాస్ఫోక్రియాటిన్. గుండెకు రక్తం ఆగిన మొదటి నిమిషంలో ముందుగా ఖాళీ అయ్యేది ఆ నిల్వే. ఆ భాగం కదలడం మానేస్తుంది. ఇంకా చచ్చిపోదు. ఇరవై నిమిషాల తర్వాత లోపలి పొర నుంచి కణాలు చావడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ చావు బయటి పొర దాకా పాకుతుంది. గుండెపోటు వచ్చిందా లేదా అని చాలా ఏళ్లు డాక్టర్లు రక్తంలో వెతికిన ఎంజైము కూడా ఆ ఫాస్ఫోక్రియాటిన్ మీద పనిచేసేదే. సీపీకే అని మీలో కొందరు రిపోర్టుల్లో చూసే ఉంటారు. ఇప్పుడు దాని స్థానంలో ట్రోపోనిన్ వచ్చింది. మా బావగారి విషయంలో వాము నమిలిన గంటన్నర, ఇంజెక్షను ఇచ్చి కూర్చోబెట్టిన ముప్పావుగంట, ఆ నిల్వ ఖాళీ అయ్యాక గడిచిన సమయం. స్టెంట్ వేసి మనిషిని దక్కించారు. గుండె మాత్రం పూర్వపు బలంతో కొట్టుకోలేదు. తర్వాత ఏడేళ్లు మేడ మెట్లు ఎక్కలేకపోయారు.

ఇదే గార మెడ నాళంలో చిట్లితే పక్షవాతం. కాలి నాళంలో పెరిగితే నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేసి నిలబడిపోవడం, షుగరున్నవాళ్లకు పుండు మానక వేలు తీసేయడం. మూత్రపిండాల నాళాల్లోనైతే బీపీ అదుపు తప్పడం. జబ్బు ఒకటే, చేరిన చిరునామాలు వేరు.

స్టెంట్ గురించి సూటిగా చెబుతాను. గుండెపోటు జరుగుతున్న వేళ స్టెంట్ ప్రాణదానం, ఒక్క నిమిషం తటపటాయించొద్దు. హైదరాబాదులో 1990లలో గుండె డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి తక్కువ ధరకు స్టెంట్ తయారు చేయించింది, 2017లో కేంద్రం స్టెంట్ ధరలకు కళ్లెం వేసింది పేదవాడికి ఆ వేళ అది అందాలనే. కానీ నడిస్తే నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గే నిలకడైన జబ్బులో సంగతి వేరు. 37 దేశాల్లో 5,179 మందితో చేసిన ఇస్కీమియా అనే పరిశోధన ఫలితం చూడండి. అక్కడ మంచి మందులతో పోలిస్తే ముందే స్టెంట్ వేయడం, బైపాస్ చేయడం ఆయుష్షు పెంచలేదు. నొప్పి తగ్గించింది. స్టెంట్ మూడు సెంటీమీటర్ల చోటును బాగుచేస్తుంది. గార మూడు నాళాల పొడవునా ఉంటుంది. స్టెంట్ వేశాక కొవ్వు మాత్ర మానేసినవాళ్లను నేను పళ్లెంలో చూశాను.

మాత్ర మాటకొస్తే, స్టాటిన్‌కు మొదటి రూపాన్ని జపాన్‌లో అకీరా ఎండో 1970లలో బూజులోంచి తీశాడు. 1994లో 4,444 మంది గుండె రోగుల మీద స్కాండినేవియాలో చేసిన పరిశోధనలో అలాంటి మాత్ర మరణాలను 30 శాతం తగ్గించింది. అది గారను కడిగేయదు. ఎల్‌డీఎల్ బాగా తగ్గాక గుంటలోని కొవ్వు కాస్త ఇంకుతుంది, వాపు చల్లబడుతుంది, మూత మందమవుతుంది. చిట్లే పుండు చిట్లని మచ్చగా మారుతుంది. మనకు కావలసింది అదే.

మానని పుండు అన్నాను కదా. మరి వాపును తగ్గించే మందిస్తే? ఇక్కడ సుబ్బారావుగారు మూడోసారి వస్తారు. లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నాయకత్వంలోని బృందం చేసిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికి లక్షలమంది వాడుతున్నారు. దాన్ని వాడే కీళ్ల రోగుల్లో గుండెపోటు తక్కువని చాలామంది గమనించారు. దాంతో ఉత్తర అమెరికాలో 4,786 మంది గుండె రోగులకు తక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. గుండెపోట్లు తగ్గలేదు. దానికి ఒక ఏడాది ముందే కనకినుమాబ్ అనే ఇంకో ఖరీదైన మందు 10 వేల మందిలో గుండెపోట్లు, పక్షవాతాలు, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గించింది. వాపు నిజం, కానీ అన్ని వాపులూ ఒకటి కాదని తేలింది. ఇప్పుడు తక్కువ మోతాదు కాల్చిసిన్ వాడుకలోకి వచ్చింది. మన అడవినాభి దుంపలో ఉండే విషం అదే. ఎవరూ దుంప జోలికి పోవద్దు, ప్రాణం పోతుంది. ఒక పరిశోధన ఓడిపోవడం సుబ్బారావుగారికి అవమానమని నేను అనుకోను. ఆయన పుట్టాక 120 ఏళ్లు దాటినా ఆయన మందు మీద కొత్త ప్రశ్న అడుగుతున్నారు. ఏ శాస్త్రజ్ఞుడికైనా అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఆయన పుట్టిన నేల సంగతి చెప్పి ముగిస్తాను. 2003, 2004లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 పల్లెల్లో, లక్షా 80 వేల మంది జనంలో, ఇంటింటికీ వెళ్లి ఎవరు ఎందుకు పోయారో అడిగి రాశారు. ఆ ఏడాదికాలంలో 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. అంటురోగాలు 12 శాతం. వరి పండించే పల్లెలు అవి, పట్నాలు కావు. గుండెజబ్బు డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట ఇరవై ఏళ్ల కిందటే మన గోదావరి గట్టున అబద్ధమైపోయింది.

విద్యార్థుల అమ్మానాన్నలారా, మీకో విన్నపం. 2024లో భారత కార్డియాలజీ సంఘం కొవ్వు పరీక్ష 18 ఏళ్లకే మొదలుపెట్టమంది. మన కుటుంబాల్లో యాభై అయిదు లోపు గుండెపోటు వచ్చిన మేనమామో, పెదనాన్నో, తాతో లేని ఇల్లు తక్కువ. అలాంటి వాళ్లున్న ఇంట్లో పిల్లలకు ఒకసారి ఎల్‌డీఎల్, ఒకసారి లైపోప్రొటీన్-ఏ అనే ఇంకో కొవ్వు రేణువు, ఏటా బీపీ చూపించండి. ఆ రెండోది పుట్టుకతో వచ్చేది, మన వాళ్లలో నలుగురిలో ఒకరికి ఎక్కువే. జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. ఇంట్లో ఎవరికైనా మడమ వెనక, వేళ్ల కణుపుల మీద గట్టి గడ్డలుంటే అవి కొవ్వు గడ్డలేమో డాక్టరుకు చూపించండి. దాదాపు 250 మందిలో ఒకరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ రెట్టింపుంటుంది. పొగ ఇంట్లోంచి బయటికి పంపండి. ఎవరికైనా ఛాతీలో బరువో, దవడ లాగడమో, ఒళ్లంతా చెమటో పట్టి పది నిమిషాలు దాటితే వాము వెతక్కండి, 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకూ, షుగరున్నవాళ్లకూ నొప్పి లేకుండా ఆయాసంగానే రావచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఈసీజీ అడగండి. తీయలేమంటే, తీసే చోటికి అప్పుడే బయల్దేరండి.